బడికి వచ్చిన యంత్రాలు – బాగుచేసే చేతులు

మన దిక్కు సర్కారు బడులకు యంత్రాలు వస్తున్నాయి. సంతోషించవలసిన విషయమే. 2022 మార్చి 8న వనపర్తిలో ‘మన ఊరు – మన బడి’ మొదలైనప్పుడు 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, 12 రకాల పనులు అన్నారు. మరుగుదొడ్లు, మంచినీళ్లు, కరెంటు, బల్లలతోపాటు డిజిటల్ సౌకర్యాలూ ఆ పన్నెండింటిలో ఒకటి. 2023 ఫిబ్రవరిలో సిరిసిల్ల జిల్లా గంభీరావుపేటలో కేజీ నుంచి పీజీ దాకా ఒకే ఆవరణలో చదువుకొనే ప్రాంగణం ప్రారంభమైంది. ఒకప్పుడు రేకుల కప్పు కింద చదివిన మన అన్నలు చూస్తే, ఇది మన బడేనా అని ఆశ్చర్యపోతారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి: ఈ మార్పు చిన్నది కాదు.

అయితే యంత్రం బడికి చేరిన రోజు ఫొటో దిగేవాళ్ళు చాలామంది వుంటారు. రెండేళ్ళ తర్వాత అది చెడిపోయిన రోజు ఎవరుంటారు? నా వ్యాసమంతా ఈ ఒక్క ప్రశ్న గురించే.

వ్యవసాయం చేసే ఇంటివాణ్ణి కనుక నాకు తెలిసిన లెక్కతోనే చెప్తాను. బావికాడ మోటారు కాలిందనుకోండి. పొద్దుగూకకముందే దాన్ని పైకి తీసి, బండి మీద వేసుకొని కోరుట్లకో జగిత్యాలకో తీసుకపోతాము. వైండింగ్ చేసేవాడు రాత్రంతా కూర్చొని రాగితీగ చుట్టి పొద్దున ఇచ్చేస్తాడు. పైసలు తక్కువపడితే పంట మీద ఇస్తామంటే వింటాడు. మోటారు కొన్నంత మాత్రాన పొలం పారదు. దాని వెనుక ఆ వైండింగ్ దుకాణం, స్టార్టరు పెట్టె తెరిచి చూడగలిగే పక్క రైతు, ఫ్యూజు వేసే లైన్‌మన్ వుండబట్టే పారుతున్నది. సిరిసిల్ల వాళ్ళకైతే ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. అక్కడ 1970 నుంచీ కరెంటు ఇస్తున్నది సహకార సంఘమే. వాడుకొనేవాళ్ళే అందులో సభ్యులు.

మరి బడిలో గోడకు బిగించిన డిజిటల్ బోర్డుకు ఇవన్నీ ఏవి? అది ఆగిపోతే హెడ్మాస్టరుగారు పైకి ఉత్తరం రాయాలి. పైవాళ్ళు కంపెనీకి రాయాలి. కంపెనీ మనిషి పట్నం నుంచి రావాలి. గ్యారంటీ గడువు దాటిందా, ఇక ఆ ఉత్తరాలు కూడా వుండవు. ఇక్కడ తప్పు యంత్రానిది కాదు, సార్లదీ కాదు. కొనడానికి డబ్బు కేటాయించినవాళ్ళు నడపడానికి కేటాయించరు. అంతే.

సిరిసిల్లలో ఇంకో మంచి ఉదాహరణ వున్నది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక, తర్వాతి ఏళ్ళలో అంచులకు డిజైన్లు కావలసి వచ్చాయి. అప్పుడు పాత సాంచెలన్నీ తీసి పారెయ్యలేదు. వాటికే డాబీలు, జకార్డులు బిగించుకొన్నారు. నడిపేవాళ్ళు అదే కార్మికులు. కొత్త పని నేర్చుకొన్నారు. (ఈ జకార్డు 1804 నాటి ఫ్రెంచి సాధనం. దాని చిల్లుల అట్టలను చూసే బాబేజీ తన లెక్కల యంత్రానికి ఆదేశాలిచ్చే పద్ధతి ఆలోచించాడు. అంటే కంప్యూటరుకు తాత మన సాంచె మీద కూర్చొని వున్నాడన్నమాట!) ఉన్నదానికి కొత్తది జతచెయ్యడం, నడిపే మనిషికి ముందు నేర్పడం – బడిలో సంస్కరణ అంటే నా దృష్టిలో ఇదే.

ఇదేమీ కొత్త ఊహ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు మన దేశంలో ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. ఏటీఎస్–6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కార్యక్రమాలు వచ్చాయి. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వున్నాయి, తెలుగు పాఠాలూ వున్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఆ సెట్లు చెడితే బాగుచేసే ఏర్పాటు కూడా ఇస్రో ఆనాడే చేసుకొన్నది. వేలాదిమంది ప్రాథమికోపాధ్యాయులకు 12 రోజుల సైన్సు శిక్షణ ఇచ్చింది. టీవీ అంటే ఏమిటో తెలియని పల్లెల్లో, యాభై ఏళ్ళ కింద! ఇవ్వాళ ఇంటికో సెల్లు వున్న కాలంలో మనకు ఆ పాటి ముందుచూపు లేకపోవడమే వింత.

కరోనా సంగతి కూడా చెప్పాలి. 2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా టీ–శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు చెప్పారు. నేనప్పుడు హైస్కూల్లో వున్నాను. పాఠాలు బాగానే చెప్పేవారు, నిజం. కాని దర్పణాల పాఠంలో కిరణం ఎటు మళ్ళిందో అర్థం కాకపోతే ‘సార్, ఇంకొక్కసారి’ అనడానికి లేదు. మళ్ళీ చూద్దామంటే ఇంట్లో వున్న ఒక్క ఫోను బాపు జేబులో, పొలంకాడ. తర్వాత బడి తెరిచినప్పుడు మా సారు అద్దం, కొవ్వొత్తి తెచ్చి పది నిమిషాల్లో అదే సంగతి తేల్చేశారు.

అందువల్ల కొందరు పెద్దలు, మన లెక్చరర్లలో కూడా ఒకరిద్దరు, ‘సుద్దముక్క, మంచి పంతులు వుంటే చాలు, ఈ హంగులెందుకు?’ అంటారు. నేను ఒప్పుకోను. గుండె కవాటాలు తెరుచుకొని మూసుకోవడం, కణం రెండుగా చీలడం సుద్దముక్కతో ఎంతని గీస్తారు? పట్నంలో ఫీజులు కట్టి చదివే పిల్లవాడు కదిలే బొమ్మ చూసి నేర్చుకొంటుంటే, మల్యాలలోనో మెట్‌పల్లిలోనో సర్కారు బడి పిల్ల నల్లబోర్డు మీది గీతను ఎక్కించుకొని రావాలా? ఇంటర్‌లో ఇద్దరూ రాసేది ఒకే పరీక్ష. యంత్రం కావాలి. దాంతోపాటు అద్దం, కొవ్వొత్తి, పనిచేసే మైక్రోస్కోపు కూడా కావాలి. పాఠానికి ఏది ఎప్పుడు వాడాలో ఆలోచించుకొనే తీరిక సారుకు కావాలి. జనాభా లెక్కలు, ఎన్నికల డ్యూటీలు, ఆన్‌లైన్‌లో హాజర్లు ఎక్కించడం – ఇన్ని పనుల మధ్య ఆ తీరిక ఎక్కడిది?

ప్రభుత్వం చెయ్యవలసింది ప్రభుత్వం చెయ్యాలి: ఏటేటా మరమ్మతు డబ్బు నేరుగా హెడ్మాస్టరు చేతికి రావాలి, ప్రతి మండలానికి ఒక మెకానిక్ వుండాలి. అది అడగవలసిందే. అడుగుతూ కూర్చోవలసిన పని మాత్రం మనకు లేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల బడుల్లోనే చదివి మనలో చాలామంది ఇక్కడికి వచ్చాము. ఫిజిక్స్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్ చదివేవాళ్ళం నెలకు రెండు శనివారాలు ఎవరి బడికి వాళ్ళం పోలేమా? మొదట చెయ్యవలసింది మరమ్మతు కూడా కాదు, జాబితా. బడిలో ఏ యంత్రాలున్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, ఎన్ని అట్టపెట్టెల్లోనే వున్నాయి, తాళంచెవి ఎవరి దగ్గర వున్నది అని రాసుకోవాలి. సగం జబ్బులు వదులైన వైరు, కాలిన ఫ్యూజు, మరిచిపోయిన పాస్‌వర్డులే అయివుంటాయని నా అనుమానం. మనవల్ల కానివి రాసి ఇస్తే హెడ్మాస్టరుగారి ఉత్తరానికి బలమొస్తుంది. మూడేళ్ళకు మనం వెళ్ళిపోతాము గనుక ఆ పుస్తకం డిపార్టుమెంటులో వుండాలి. ప్రతి సీనియరుతో ఒక జూనియరు పోవాలి.

విద్యార్థి సంఘం వచ్చే ఏడాది కార్యక్రమాల్లో ఈ పనిని చేర్చాలని కోరుతున్నాను. మల్టీమీటర్లు మన లాబులో వున్నాయి. వాటిని శనివారం బయటికి తీసుకపోవడానికి అనుమతి ఇస్తే చాలు. బస్సు పాసులు అందరి దగ్గరా వున్నాయి.