ప్రకృతి వింతలు: అయోవా బీళ్లలోని సీతాకోకచిలుక

క్రిందటి నెల మన వంటింటి చీమలను గూర్చి ముచ్చటించి, యీ నెల సముద్రములు దాటిపోవుట చదువరులైన సోదరీమణులకు వింతగా దోచవచ్చును. కాని యీ ప్రాణి కథ చదివినది మొదలు మా మనస్సు దానియందే యున్నది.

అమెరికాలో అయోవా రాష్ట్రము పూర్వము మనిషెత్తు గడ్డితో నిండిన బయలు. దానిని ప్రెయిరీ యందురు. నేల సారవంతమగుటచే నెల్ల దున్ని మొక్కజొన్న వేసిరి. నేడు ఆ బయలులో వెయ్యింట నొక పాలైనను మిగులలేదు. ప్రెయిరీ సిటీ యను నూరి చెంత అణువిద్యుత్కేంద్రమునకై కొన్న నేల కేంద్రము కట్టకయే నిలిచిపోగా, దానిని 1990 తరువాత వన్యప్రాణి శరణాలయముగా జేసిరి. నీల్ స్మిత్ శరణాలయమని దాని పేరు. పైరుపొలములలో మరల గడ్డివిత్తులు చల్లిరి.

గడ్డి మొలచినది, పూలు పూచినవి, కాని రీగల్ ఫ్రిటిలరీ యను సీతాకోకచిలుక తనంతట రాలేదు. ముందు ఱెక్కలు కావిరంగు, వెనుక ఱెక్కలు నల్లనివై తెల్లని చుక్కలు గలది. దాని పిల్లపురుగు వయొలెట్ ఆకు దప్ప మఱియొకటి ముట్టదు. కావున ముందు వయొలెట్ మొక్కలు నాటి, పిమ్మట 2000 ప్రాంతమున ఆడ చిలుకలను వేఱుచోటినుండి తెచ్చి విడిచిరి.

ఈ తల్లి నడవడి మాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపినది. వేసవిలో జతగూడియు, వేసవి చివర వఱకు గ్రుడ్లు పెట్టదు. పెట్టునప్పుడు వేయికి పైగా పెట్టును, అదియు వయొలెట్ మీదనే కాదు, ఎండుగడ్డిలో నెక్కడబడిన నక్కడ! పుట్టిన పిల్ల ఆకు దినకయే కసవు క్రింద దూరి మంచుకాలమంతయు నిద్రించును. వసంతమున లేచి, ఆకు వెదకికొనవలెను. దొరకనిది చచ్చును.

చిక్కంతయు నిక్కడనే. నిప్పు పెట్టనిచో బీటిని పొదలు, చెట్లు మ్రింగివేయును. పెట్టినచో కసవులో నిద్రించు పిల్లలు మాడిపోవును. కావున నొక యేట నంతయు గాల్పక, కొంత విడిచి కొంత గాల్పవలెనని తజ్ఞులందురు. అట్లయ్యు నీ జాతి తగ్గుచునే వచ్చినది. 2024లో అమెరికా ప్రభుత్వము దీనిని రక్షింపవలసిన జీవుల పట్టికలో జేర్ప బ్రతిపాదించినది.

ఆ బీళ్లలోనే మోనార్క్ అను నింకొకటి కలదు. దాని పిల్లకు ఆహారము మన జిల్లేటి కుటుంబపు పాలమొక్క. మోనార్క్‌కు దాయాదియగు కావిరంగు చిలుక మన జిల్లేళ్లమీదనే గ్రుడ్లు పెట్టును. దొడ్డిలో జిల్లేడు పెఱికించుటకు ముందు ఆకు త్రిప్పి చూడుడు. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు కనబడినచో, అది పిల్లయే.