ఫోన్ తెర మీద పాసైన అమ్మాయి

‘తెలుగమ్మాయిలు దొరకడం లేదండీ’ అన్నది ఫిల్మ్‌నగర్‌లో అరిగిపోయిన సాకు. వెతకాల్సిన చోట వెతికితే కదా దొరికేది! 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చాక ఫిల్మ్‌నగర్‌కు హైటెక్ సిటీ మరీ దగ్గరైంది. అదే ఏడాది సాఫ్ట్‌వేర్ కుర్రకారు ఫోన్లలో చూసిన యూట్యూబ్ సిరీస్ ‘ది సాఫ్ట్‌వేర్ డెవ్‌లవ్‌పర్’. షణ్ముఖ్ జస్వంత్ సరసన నటించిన వైష్ణవి చైతన్యను వాళ్లు తమ పక్క సీటు అమ్మాయే అనుకున్నారు. ‘అల వైకుంఠపురములో’ సినిమా మాత్రం ఆమెను అల్లు అర్జున్ చెల్లెలి పాత్రతో సరిపెట్టింది. నాయికగా నిలబెట్టడానికి 2023 జులైలో దర్శకుడు సాయి రాజేశ్ ‘బేబీ’ రావాల్సి వచ్చింది. బస్తీ నుంచి కాలేజీకెళ్లి దారితప్పే ఆ పిల్ల పాత్రను ఆమె ఎక్కడా మెత్తబరచలేదు. జనం తిట్టుకుంటూనే చూశారు. ఈ దారి కొత్తదేమీ కాదు. అంతకు ముందు దర్శకుడు తరుణ్ భాస్కర్ లఘుచిత్రం ‘అనుకోకుండా’లో మెరిసిన రీతూ వర్మ, 2016లో ఆయన ‘పెళ్లిచూపులు’తోనే నిలదొక్కుకుంది. అంటే పొట్టి సినిమా సరదా వ్యాపకం కాదు, నటనకు బడి. ‘బేబీ’ తర్వాత వైష్ణవి చేసిన ‘లవ్ మీ’, ‘జాక్’ ఆడలేదు. ఆ లెక్క ఆమె ఖాతాలో రాయడం అన్యాయం. హీరోలకు వరుస ఫ్లాపుల తర్వాతా కథలు రాస్తారు. తెలుగమ్మాయికి కూడా అవకాశం ఒక్కటే ఇస్తే చాలదు, ఆమెను దృష్టిలో పెట్టుకుని పాత్ర రాయాలి.