కుద్రేముఖ్ ఎక్కేవాళ్లకు గని కథ చెప్పండి

కర్ణాటక అటవీ శాఖ ఉన్నతాధికారులకు,

కుద్రేముఖ్ శిఖరానికి రోజుకు ఇంతమందే వెళ్లాలని పరిమితి పెట్టి, ముందుగా అనుమతి తీసుకున్నవాళ్లనే పంపిస్తున్నందుకు కృతజ్ఞతలు. ఆ మేలు పొందిన తెలుగువాడిగా ఒక విన్నపం చేసుకుంటున్నాను.

ముల్లోడి ఊరి నుంచి నడక మొదలుపెడితే వాగులు దాటుకుంటూ షోలా అడవిలోకి దూరి, మళ్లీ గడ్డి కొండ మీదికి తేలతాం. షోలాలో పట్టపగలే మసక. అడుగు వేస్తే నేల మెత్తగా దిగుతుంది, రాలిన ఆకుల కింద నీళ్లు ఊరుతుంటాయి, చూసుకునేలోపు మడమకు జలగ పట్టేస్తుంది. వానాకాలం నీటిని ఈ అడవీ గడ్డీ ఒడిసిపట్టి, వానలు వెనకపట్టాక కూడా కొంచెం కొంచెంగా వదులుతాయి. 1,894 మీటర్ల ఎత్తున శిఖరం మీద నిలబడితే గాలి హోరు తప్ప మరో చప్పుడు ఉండదు.

అంత ప్రశాంతత ఈ కొండలకు ఊరికే దక్కలేదు. 1976లో ఏర్పడిన ప్రభుత్వ రంగ కంపెనీ ఇక్కడి కొండల్ని మెట్లు మెట్లుగా తవ్వింది. ఇనుప ఖనిజాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి, 67 కిలోమీటర్ల పైపులైనులో మంగళూరు రేవుకు పంపింది. మిగిలిన మడ్డి అంతా లక్యా వాగు మీద కట్టిన ఆనకట్ట వెనక చేరింది. తవ్వకం ఆపాలని జనం ఏళ్ల తరబడి పోరాడారు. 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, 2005 చివరికి తవ్వకం ఆగింది. గనినే నమ్ముకున్న కుటుంబాలు ఊరొదిలి వెళ్లాయి.

ఇప్పుడు ట్రెక్కింగుకు వచ్చే పిల్లలు, ఆ కుటుంబాలు వాళ్లు వదిలెళ్లిన ఖాళీ క్వార్టర్ల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. ఎవరు తవ్వారో, ఎందుకు ఆపారో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

నాది కర్నూలు. భద్ర నది ఈ కుద్రేముఖ్ జాతీయ పార్కులోనే పుట్టి, తుంగతో కలిసి తుంగభద్రై, మా ఊరి పక్కగా పారి కృష్ణలో చేరుతుంది. లక్యా వాగు భద్రకు ఉపనది. అందుకే ఆ మడ్డి సంగతి కర్ణాటకకు ఎంత ముఖ్యమో మాకూ అంతే ముఖ్యం.

నేను అడిగేవి రెండే. మొదటిది, శిఖరానికి తీసుకెళ్లే గైడ్లకు గని చరిత్రలో శిక్షణ ఇచ్చి, నడక మొదలయ్యే ముందు పది నిమిషాలు ఆ కథ చెప్పించండి. గని నడిచిన రోజుల ఫొటోలతో అక్కడొక బోర్డు పెట్టండి. రెండోది, లక్యా ఆనకట్ట తనిఖీ వివరాలను సంబంధిత సంస్థల నుంచి తెప్పించి, మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో అదే బోర్డు మీద ఏటా రాయించండి.

గనుల కోసం అడవుల్ని అడిగేవాళ్లు రేపూ వస్తారు. ఒకసారి తవ్విన కొండకు ఏమైందో కళ్లారా చూసి, చెవులారా విన్న మనిషి ఆ రోజు నోరు మూసుకుని కూర్చోడు. అలాంటి మనుషుల్ని తయారుచేసే అవకాశం మీ చేతిలో ఉంది.

వచ్చే సీజన్‌కే ఈ పని మొదలుపెట్టండి. బోర్డుకు కావలసిన తెలుగు పాఠం ఉచితంగా రాసిస్తాను.

ఇట్లు,
తుంగభద్ర నీళ్లు తాగి పెరిగిన ఒక కర్నూలు వాసి