చెరువుకట్ట మీది పాఠము

లేపాక్షి సీమ పిల్లవాడు కరవును పుస్తకము లేకయే ఎరుగును, వరదను ఎరుగడు. 2021 నవంబరులో చిత్రావతి పొంగినపుడు నడియేట చిక్కిన పదిమందిని వాయుసేన హెలికాప్టరు గట్టెక్కింపవలసి వచ్చినది. ఏండ్ల తరబడి ఇసుకయే కనబడు ఏరు ఇట్లు పొంగునని బడిలో చెప్పవలదా? అందులకు పరదేశపు పటములేల? చిత్రావతి నీరు చేరు ధర్మవరము చెరువునకు మరవ ఎక్కడ, మిగులు నీరు ఏ వంకన పోవును, ఆ వంక కడ్డముగా ఏమి లేచినది - పిల్లలే కట్ట వెంట నడచి గీయగలరు. కడప మండలమున పోరుమామిళ్ల చెరువు శాసనము 1369లోనే చెరువునకు ఆరు దోషములు చెప్పినది. కట్టనుండి నీరూరుట అందొకటి. విద్యాశాఖ పాఠము వ్రాయించునపుడు ఈ శాసనమును తెనిగించి చేర్చవలెను. నీరుగంటి పని ఎరిగిన వృద్ధుడున్న ఊరిలో ఆయననే ఒకపూట బడికి పిలువవలెను.