సంపాదనే మనిషికి కొలతా?

వలీమా విందుల్లోనూ, పండుగనాటి పలకరింపుల్లోనూ సలాం ముగిసీ ముగియకముందే కొన్ని ప్రశ్నలు వచ్చిపడతాయి. ‘ఇంకా ఉద్యోగం రాలేదా?’, ‘అమ్మాయికి సంబంధం కుదరలేదా?’, ‘ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తున్నావు బేటా?’ అడిగేవారిలో చాలామందికి దురుద్దేశం ఉండదు. అయినా ఆ ప్రశ్నల వెనుక ఒక త్రాసు ఉంది. నలుగురికీ కనబడే సంపాదన, హోదా మాత్రమే అందులో తూగుతాయి.

ఈ త్రాసు ప్రభుత్వం చేతిలోనూ ఉంది. కేవలం ఇంటిపని చేసే స్త్రీని జనగణన ‘పనిచేయనివారి’ పద్దులో రాస్తుంది. 2001 జనగణనలో గృహిణులను యాచకులతో, ఖైదీలతో ఒకే వర్గంగా చూపడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే తేల్చింది. రోడ్డు ప్రమాద పరిహారానికి సంబంధించిన ఒక కేసులో 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ఆ అంకెలనే ప్రస్తావించి, గృహిణులు పనిచేయరన్న భావనను తోసిపుచ్చారు.

మన ఇళ్లలో ఈ అన్యాయానికి మరో పొర కూడా ఉంది. శ్రామికులైన ముస్లిం స్త్రీలలో ఇంటివద్దనే ఉండి పనిచేసేవారు ఎక్కువని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. హైదరాబాదు పాతబస్తీలో జర్దోజీ కుట్టే చెల్లెలు, నిజామాబాదులో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే తల్లి కూలికి పనిచేసే శ్రామికులే. జనగణన నిర్వచనం ప్రకారం కూడా అది పనే. కానీ ఎవరు అడిగినా వారి జవాబు ఒక్కటే: ‘ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటాను.’ ‘ఊరికే కూర్చున్నావు’ అన్న మాట ఏళ్ల తరబడి విని విని, ఆమె దానినే గణకుడికి అప్పజెబుతుంది. గణకుడు అదే రాసుకుంటాడు. చుట్టాల ప్రశ్నతో మొదలైనది అలా ప్రభుత్వ పత్రంలో సున్నాగా మిగులుతుంది. లెక్కలో లేని శ్రమకు కూలిరేటు అడగడమూ, సంక్షేమ పథకం అడగడమూ కష్టం.

అయితే కనబడని శ్రమను కనబడేలా చేస్తే సరిపోతుందా? సరిపోదు. పక్షవాతంతో మంచంపట్టిన తండ్రి, పట్టా ఉన్నా పని దొరకని యువకుడు, తలాక్ తర్వాత పుట్టింటికి చేరి ఇంకా తేరుకోని కూతురు ఏ పనీ చూపలేకపోవచ్చు. వారి విలువ అందువల్ల తగ్గదు. శ్రమకు గౌరవం దక్కాలి. కానీ మనిషికి గౌరవం శ్రమకు ప్రతిఫలంగా దక్కేది కాదు.

ఈ సంగతి మనకు బాగా తెలిసి ఉండవలసింది. ‘ఈ దేశానికి మీరేం చేశారు?’ అని అడిగినప్పుడల్లా మనం మౌలానా ఆజాద్, అష్ఫాఖుల్లా ఖాన్, అబ్దుల్ కలాం పేర్లు చెబుతాం. గర్వించదగిన పేర్లే. కానీ మన హక్కులు వారి సేవలకు ఇచ్చిన కూలి కావు. రాజ్యాంగం 14, 21 అధికరణాలు ‘వ్యక్తి’ అన్నాయి; సంపాదించే వ్యక్తి అనలేదు, సేవ చేసిన వ్యక్తి అనలేదు. ప్రయోజనం నిరూపించుకుంటేనే పౌరులమనే వాదాన్ని వీధిలో ఖండించే మనం, అదే వాదాన్ని ఇంట్లో కూతురిమీద, తమ్ముడిమీద ప్రయోగించడం ఏ న్యాయం?

అసలు ప్రశ్నలే వద్దనడం కాదు. ఉద్యోగానికి దారి చూపగలవారు తప్పక అడగాలి, అదీ నలుగురిలో కాక పక్కకు పిలిచి. ఏ సాయమూ చేయలేని చోట ఆరా తీయడం దేనికి? ఇతరుల గుట్టు వెదకవద్దని హుజురాత్ సూరా 12వ ఆయత్ మనకు నేర్పింది. బస్తీ సర్వేలకు వెళ్లే కార్యకర్తలు ‘ఏదైనా పని చేస్తారా?’ అని అడిగి ఊరుకోకుండా, పొద్దుటి నుంచి రాత్రి వరకు చేసే పనులను ఒక్కొక్కటిగా అడిగి రాసుకోవాలి. రాబోయే జనగణనలో తమ పనిని పనిగానే చెప్పాలని అక్కాచెల్లెళ్లకు ముందుగానే తెలియజేయాలి.

మన పెద్దలు సలాం తర్వాత ‘ఖైరియత్?’ అని అడిగేవారు. అది క్షేమం అడిగే మాట, లెక్క అడిగే మాట కాదు. ఈసారి విందులో పిల్లలు ఎదురైనప్పుడు ముందుగా ఆ ఒక్క మాట అడిగి, వారు చెప్పేది విందాం.