నాదమును దిద్దుకొను విద్య

డప్పు మ్రోగించువాడు ముందుగా గడ్డిమంట వేసి దానిని కాచుకొనును. మృదంగ విద్వాంసుడు ఎడమ ప్రక్కను తడిపిన రవ్వముద్ద నంటించి, గంభీరమైన నాదము వచ్చువరకు కొట్టి చూచును. తంబురా శ్రుతి చేయువాడు గుఱ్ఱముపై తీగ క్రింద సన్నని నూలుపోగు నుంచును. దానికి 'జీవ' యని పేరు. ఆ పోగు తగినచోట నిలిచినపుడు తీగ తుమ్మెదవలె ఝుమ్మనును. బాలబాలికలారా! వాద్యమును దొరకినది దొరకినట్లు వాయించుట మన పెద్దల మతము కాదు. దానిని చెవికి నచ్చునట్లు దిద్దుకొనుటయు సంగీతములో భాగమే.

విద్యుద్వాద్యములను కూడ ఈ దృష్టితోనే చూడవలెనని నా యభిప్రాయము. విద్యుద్గిటారు వినినంతనే "ఇది యంత్రపు రొద" యని కొట్టివేయువారు కలరు. మా తిరుమలాయపాలెము వంటి ఊళ్లలో, మరమ్మతు బల్ల ప్రక్క నిలిచి చూచు పిల్లవానిని "చదువు మాని చెడిపోవుచున్నాడు" అని గద్దించువారును కలరు. ఈ రెండును తొందరపాటు మాటలే.

గిటారు ఉక్కుతీగల క్రింద అయస్కాంతమును, దానిచుట్టు సన్నని రాగితీగయు నుండును. తీగ కంపించినపుడు ఆ చుట్టలో అత్యల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని పెంచునది ఆంప్లిఫయరు. వెనుకటి రేడియోలలో వెలుగుచుండిన గాజు వాల్వులే ఇప్పటికిని కొన్ని గిటారు ఆంప్లిఫయర్లలో పనిచేయుచున్నవి. 1906లో అమెరికా దేశీయుడైన లీ డి ఫారెస్టు మూడు ధ్రువముల వాల్వును కనిపెట్టెను. అందు వేడెక్కిన కాథోడునుండి ఎలక్ట్రానులు ప్లేటువైపు పరుగెత్తును. నడుమనున్న గ్రిడ్డు చెరువు తూమువలె ఆ ప్రవాహమును అదుపు చేయును. తూము కొంచెము ఎత్తిన చేనంతయు తడియునట్లు, గ్రిడ్డుపై చిన్న మార్పు ప్లేటు దగ్గర పెద్ద మార్పగును.

మోయగలిగినదానికంటె ఎక్కువ మోపినచో వాల్వు తరంగముల శిఖరములను నరికివేయును. అప్పుడు మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు వేగముగా కంపించు అనుస్వరములు క్రొత్తగా పుట్టును. రేడియోలో ఇది దోషము, గిటారులో గుణము. తంబురా నూలుపోగు చేయునదియు అనుస్వరములను మేల్కొలుపుటయే కదా!

భాగములు మార్చియు పలుకు మార్చవచ్చును. కాథోడు దగ్గర 1500 ఓముల నిరోధకమునకు జతగా 25 మైక్రోఫారడుల కెపాసిటరు నుంచుట వాడుక. దాని బదులు 0.68 మైక్రోఫారడుల దాని నుంచిన, మంద్రస్వరముల బలము తగ్గి పైస్వరములు స్పష్టముగా తేలును. అమెరికాలో లియో ఫెండరు మొదట రేడియోలు బాగుచేయు అంగడి నడపినవాడు. ఆయన సంస్థవారి బాస్‌మన్ వలయము నాధారముగా గొని, 1962లో లండనులో జిమ్ మార్షల్, మరమ్మతులెరిగిన కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అనువారితో కలిసి, కొన్ని వాల్వులును స్పీకర్లును మార్చి వేరొక యంత్రము చేయించెను. వలయము ఇంచుమించు అదే; పలుకు మాత్రము వేరు.

1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చేసిన పనియు నిట్టిదే. మాండొలిన్ నాదము మీటిన వెంటనే చల్లారును. గమకములకు ఆ నిలుకడ చాలదు. ఆయన జంటతీగలను మాని, ఐదు ఒంటితీగల విద్యున్మాండొలినును చేపట్టి, దానిపై కర్ణాటక సంగీతమును పలికించెను. 1998లో పద్మశ్రీ పురస్కారము నందెను. విదేశీ వాద్యమైనను, విద్యుత్తైనను మన రాగములకు అడ్డు కాలేదు.

"బొత్తాము నొక్కిన కంప్యూటరే కోరిన పలుకు నిచ్చునుగదా, ఈ శ్రమ యేల?" అని కొందరడుగుదురు. బొత్తాము నొక్కినవాడు ఫలము నెరుగును. వలయము నెరిగినవాడు కారణము నెరుగును. అయితే దిద్దుట వేరు, చెడగొట్టుట వేరు. ఒక పర్యాయము ఒక భాగమునే మార్చవలెను. రెండు మార్చినచో ఏది మేలు చేసెనో తెలియదు. ముందును వెనుకను ఒకే పాటను, ఒకే బిగ్గరతనముతో వినవలెను. ఏలనన బిగ్గరగా వినబడునదే మేలైనదని చెవి మోసపోవును. వినినది వెంటనే వ్రాసికొనవలెను.

మరియొక మాట. వాల్వు యంత్రములలో 300, 400 వోల్టుల విద్యుత్తుండును. ప్లగ్గు తీసినను అది కెపాసిటర్లలో నిలిచి ప్రాణము తీయగలదు. కావున మీరు దానిని విప్పరాదు. ఆ పని నేర్చిన గురువుచెంత నిలిచి చూడుడు. మొదట డప్పును కాచి, తంబురా నూలుపోగును జరిపి, నాదభేదమును వినుట నేర్చుకొనుడు.

చేతితో చేయు పనిని పుస్తకపు చదువుకంటె తక్కువగా నెంచు అలవాటు మనలనుండి తొలగవలెను. చెవి వినవలెను, బుద్ధి లెక్కింపవలెను, చేయి జాగ్రత్తగా పనిచేయవలెను. ఈ మూడును కలిసినచోట మరమ్మతు బల్లయు పాఠశాలయే యగును.