రజతమును పరాజయమనుట తగునా?

ఆటలయందు గెలుపోటములు సహజములని చెప్పని పెద్ద లేడు. ఆ మాటను మనసార నమ్మువారు మాత్రము మిక్కిలి యరుదు. మనవారు తుదిపోటీలో గెలిచినచో సింహములనియు, ఓడినచో గుండెదిటవు చాలనివారనియు నొక్క సాయంకాలములోనే తీర్పు చెప్పుట మనకు పరిపాటి యైనది. ఈ తీర్పెంత యన్యాయమో తెలియుటకు హైదరాబాదున పుట్టి పెరిగిన మన పూసర్ల వెంకట సింధు చరిత్రమే చాలును.

2016 ఆగస్టులో రియో ఒలింపిక్సు బ్యాడ్మింటన్ తుదిపోటీలో నామె స్పెయిను దేశీయురాలగు కరోలినా మారిన్‌పై మొదటి గేము గెలిచి, తక్కిన రెండును ఓడి, రజతమును తెచ్చెను. భారత మహిళ కొలింపిక్సు రజతము లభించుట కదియే ప్రథమము. 2017లో గ్లాస్గో నగరమున ప్రపంచ ఛాంపియన్‌షిప్ తుదిపోటీ జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహారాతో 110 నిమిషములు సాగెను. రెండవ గేము చివరి పాయింటునకై 73 దెబ్బలు నడచినవి. ఆ పాయింటు సింధుదే. మూడవ గేము 20-20 వఱకు సమానముగ నడచి, 22-20తో ఒకుహారా వశమయ్యెను. 2018లో నాన్‌జింగున మరల తుదిపోటీ, మరల మారిన్, మరల రజతము. అంతట, తుదిపోటీ యనిన నీమెకు బెదురని పలువు రనసాగిరి.

ఈ నింద నిలుచునా? బెదరిన మనస్సు 73 దెబ్బల వఱకు నిలువదు. పిఱికివారు తుదిపోటీ మెట్టు నెక్కనే యెక్కరు. పైగా, ఎదుటి పక్షమునను సాధన గలదనియు, ఆమెకు నొక దేశము గలదనియు మనము మఱచుచున్నాము.

ఒత్తిడియందు మనస్సు చెదరుట కొక క్రమము కలదు. దృష్టి షటిలు మీదనుండి తొలగి లెక్కమీదికి, నిన్నటి యోటమిమీదికి, ఇంటివద్ద నెదురుచూచు జనులమీదికి పోవును. వేయిమార్లు చేసి చేయి మఱగిన పనిని మనస్సు తానే నడుపబూని చెఱచును. దీనికి మందు నిత్యాభ్యాసము. ఒక్కొక్క పాయింటును వేరు పోటీగ నెంచుట. భగవద్గీతను పారాయణము చేయు మనము ఫలాసక్తిని విడువుమని యువకులకు బోధింతుము. పతకము రంగు మాఱినచో మనమే మొగము చాటుచేసికొందుము!

2019 ఆగస్టు 25వ తేదీన బాసెల్ నగరమున నదే ఒకుహారాను సింధు 21-7, 21-7తో 38 నిమిషములలో నోడించి, బ్యాడ్మింటన్‌లో ప్రపంచ విజేతయైన తొలి భారతీయురాలయ్యెను. నిందలే యామెకు ములుకోల లైనవని కొందఱనవచ్చును. నింద యెవ్వరికిని దెబ్బ కొట్టుట నేర్పదు. నేర్పినవి పుల్లెల గోపీచందు శిక్షణాలయమున గడచిన యేండ్లు, కొరియా శిక్షకురాలు కిమ్ జి హ్యూన్ దిద్దిన దెబ్బలు. ఆ 38 నిమిషముల వెనుక గ్లాస్గోలోని 110 నిమిషములు నున్నవి.

దేశగౌరవము మనకును ప్రియమే. కాని దానిని ఇరువదేండ్ల పిల్ల భుజములపై నెక్కించి, తొట్రుపడినచో తిట్టుట దేశభక్తి గాదు. కలిగినవారు ఊరి కొక కోర్టును, ఒక మంచి శిక్షకుని సమకూర్పుడు. రాకెట్టు పట్టిన బిడ్డ యోడి యింటికి వచ్చిన రాత్రి "ఏల యోడితి"వని నిలదీయక, "రేపు సాధన యెన్నింటి"కని యడుగుడు.